ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు

గండికోటను భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అనడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. ఫొటోల కింద అదే రాస్తారు, యాత్రల ప్రకటనల్లో అదే వినిపిస్తుంది. టేపు పట్టి కొలిస్తే మాత్రం ఆ పోలిక నిలవదు. అమెరికాలో కొలరాడో నది తవ్విన లోయ చాలాచోట్ల 1,600 మీటర్ల లోతుంటుంది. జమ్మలమడుగు పక్కన ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్న తవ్విన లోయ లోతు సుమారు 90 మీటర్లు. ఎర్రటి రాతిగోడలు, అడుగున నీళ్లు, అంచున నిలబడి ఫొటో దిగే జనం, పోలిక అంతవరకే.

అయితే కాలినడకన పోయేవాళ్లకు సంబంధించిన ఒక్క సంగతిలో రెండూ నిజంగా ఒకే జాతి. రెండుచోట్లా బండి మనల్ని కొండ నెత్తి మీద దింపుతుంది. నడక దిగుడుతో మొదలవుతుంది. ఎక్కాల్సిందంతా ఆఖర్న, తొడలు అలిసిపోయాక, సీసాలో నీళ్లు తగ్గాక, ఎండ ముదిరాక వస్తుంది. తిరుమల మెట్లెక్కేవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. అక్కడ ఆయాసం మొదట్లోనే హెచ్చరిస్తుంది. ఇక చాలనుకుంటే వెనక్కి తిరగొచ్చు, కిందికి రావడానికి భూమ్యాకర్షణ సాయం చేస్తుంది. లోయలో ఆ హెచ్చరిక ఆలస్యంగా అందుతుంది. అలిసిపోయామని తెలిసేసరికి మనం అడుగున ఉంటాం. గ్రాండ్ కాన్యన్ పార్కు సిబ్బంది అందుకే ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతుంటారు: దిగడం మీ ఇష్టం, ఎక్కి రావడం మాత్రం తప్పదు. ఆ పార్కు నుంచి గండికోట అరువు తెచ్చుకోవాల్సింది పేరును కాదు, ఈ జాగ్రత్తను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లకు ఇది ఒక్క ఆదివారం పని. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మీదుగా, పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి చేరొచ్చు. జమ్మలమడుగు నుంచి కోట సుమారు 15 కిలోమీటర్లు. కోటవాకిలి దాటి లోపలి ఊరి మీదుగా చార్మినార్, జైలు, జామియా మసీదు, ధాన్యాగారం, రంగనాథాలయం చూసుకుంటూ లోయ అంచు దాకా వెళ్లి, అక్కడి నుంచి బండల మధ్య దారిలో నీటి దగ్గరికి దిగి, మళ్లీ ఎక్కి, కోటగోడ వెంట కాస్త తిరిగితే ఆరేడు కిలోమీటర్ల నడక తేలుతుంది. రోజూ ఏదో ఒక పనిమీద నడిచే మనిషికి ఇది మరీ కష్టమూ కాదు, మరీ తేలికా కాదు. కష్టం వైపు ఒరుగుతుందా తేలిక వైపు ఒరుగుతుందా అన్నది కాళ్ల బలం కంటే గడియారం మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

గడియారం దగ్గరికి పోయే ముందు కాళ్ల కింది రాయి సంగతి చూద్దాం. ఈ దారిలో బండి కిటికీ నుంచి కనిపించే రాళ్లే ఒక చరిత్ర పుస్తకం, పైగా పేజీలు వరుసగానే ఉన్నాయి. కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాల కింద నెలవంక ఆకారంలో ఒక పాత సముద్రపు పళ్లెం ఉంది. భూవిజ్ఞానులు దానికి కడప బేసిన్ అని పేరు పెట్టారు. ఇందులో కిలోమీటర్ల మందాన ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకొని రాయయ్యాయి. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ రాళ్లన్నిటినీ వర్గీకరించి 1872లో పెద్ద గ్రంథం వెలువరించాడు. వాటికి ఆయన పెట్టిన పేర్లు మన ఊళ్లవీ, మన ఏరులవీ, మన కొండలవీ. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, జమ్మలమడుగు, పాణ్యం అన్న మాటలు ఆ తర్వాత ప్రపంచమంతటా భూగర్భశాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కాయి.

పళ్లెం పడమటి అంచున పొరలు తూర్పుకు వాలి ఉంటాయి. కాబట్టి తూర్పు నుంచి పడమరకు పోతున్నకొద్దీ మనకు తగిలే రాయి వయసు పెరుగుతుంది. ప్రొద్దుటూరు చుట్టూ కుందేటి మైదానం, నల్లరేగడి చేలు. వాటి కింద ఉన్నవి ఈ వరుసలో చిన్నవయసు రాళ్లు. జమ్మలమడుగు దగ్గరికి వచ్చేసరికి నాపరాయి. కడప రాయి అని ఊరూరా అమ్మేది, ఇళ్లలో గచ్చుగా పరిచేది ఇదే. శాస్త్రంలో దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారం కూడా ఈ సున్నపురాయే. ఆ తర్వాత కొండ మొదలై గండికోట క్వార్ట్‌జైటు వస్తుంది. అంతకంటే పాతది పులివెందుల వైపు. అక్కడి పొరల మధ్యకు ఒకప్పుడు కరిగిన నల్లరాయి చొచ్చుకొచ్చి పలకలా గడ్డకట్టింది. పులివెందుల దగ్గరి అలాంటి ఒక పలక వయసును యురేనియం, సీసం నిష్పత్తితో లెక్కగట్టారు. సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. ఆ వేడి తగిలిన డోలమైటులోనే పులివెందుల ప్రాంతపు రాతినార పుట్టింది. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వి తీస్తున్నది ఇంకా కింది పొర, వేంపల్లె డోలమైటు నుంచి.

చాలాచోట్ల గండికోట రాయిని ఎర్ర గ్రానైటు అని రాస్తుంటారు. అది పొరపాటు. గ్రానైటు భూగర్భంలో కరిగి చల్లారిన రాయి. ఇది ఇసుక. లోతు తక్కువైన సముద్రపు ఒడ్డున పరుచుకున్న ఇసుక రేణువులు, వాటి మధ్య సందుల్లో సిలికా చేరి అతుక్కుపోయి, ఇసుకరాయి కంటే గట్టిదైన క్వార్ట్‌జైటు అయ్యాయి. ఎరుపంతా ఇనుప తుప్పుది. భూమ్మీద చెట్టుగానీ చేపగానీ లేని కాలం నాటి ఒడ్డు అది. అంచున కూర్చున్నప్పుడు బండ మీద సన్నటి అలల ముడతలు కనిపిస్తే వేలు పెట్టి తడిమి చూడండి. ఆ ముడతలు దిద్దిన నీళ్లు ఎప్పుడో పోయాయి.

ఈ వివరమంతా నడకకు ఎందుకంటే, కొండ ఎట్లా విరుగుతుందో చెప్పేది రాయే. క్వార్ట్‌జైటుకు రెండు రకాల బలహీనతలున్నాయి. అడ్డంగా పొరల హద్దులు, నిలువుగా పగుళ్లు. పొరల మధ్య మెత్తటి షేలు కరిగిపోతే పైబండకు ఆధారం పోతుంది, నిలువు పగులు వెంట అది ఊడి పడుతుంది. లోయగోడ మనిషి పేర్చినంత చదరంగా కనిపించడానికీ, దిగే దారిలో మంచమంత బండలు అడ్డదిడ్డంగా పడి ఉండటానికీ కారణం ఒకటే. కోట కట్టినవాళ్లకు రాయి చెక్కే శ్రమ కొంత తప్పింది. నడిచేవాళ్లకు మాత్రం మెట్టు ఎత్తు ఒక్కోచోట ఒక్కో రకం. పైగా ఈ రాయి అరిగితే మళ్లీ ఇసుకే రాలుతుంది. వాలుబండ మీద ఆ పొడి ఇసుక పలచగా పరుచుకొని ఉన్నచోట అడుగేయడం జొన్నలు ఒలికిన గచ్చు మీద అడుగేయడమే. నున్నటి చెప్పులు ఆ పనికి రావు, గాళ్లున్న రబ్బరు అడుగు కావాలి. అంచు సంగతి ఇంకా ముఖ్యం. లోయ వైపు చివరి బండ వెనక నిలువు పగులు కనిపిస్తే ఆ బండ కొండకు చెందింది కాదనుకోండి. ఇవాళ పడకపోవచ్చు. సెల్ఫీ కోసం దాని మీద నిలబడి ఆ సంగతి పరీక్షించాల్సిన పనిలేదు.

ఇక గడియారం.

కొండనడకకు పట్టే సమయం లెక్కగట్టడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడే సూత్రం స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పింది. గంటకు మూడు మైళ్లు, అంటే దాదాపు 5 కిలోమీటర్లు. దానికి ప్రతి వెయ్యి అడుగుల ఎక్కుడుకూ అరగంట చేర్చాలి. గండికోటకు ఇదే పెడితే ఆరు కిలోమీటర్లకు గంటా పన్నెండు నిమిషాలు, 90 మీటర్ల ఎక్కుడుకు తొమ్మిది నిమిషాలు, మొత్తం గంటన్నర లోపే. ఈ లెక్క నమ్ముకొని పదకొండింటికి దిగడం మొదలుపెట్టినవాళ్ల ముఖాలు మధ్యాహ్నం ఒంటిగంటకు చూడాలి. నైస్మిత్ నడిచింది చల్లటి స్కాట్లండు గడ్డినేల మీద, ఆయన కాళ్లు ఆరితేరినవి.

భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ 1993లో ఇచ్చిన సూత్రం మనకు మరికాస్త పనికొస్తుంది. దాని ప్రకారం మనిషి అత్యంత వేగంగా నడిచేది చదునునేల మీద కాదు, నూటికి ఐదు వాలు ఉన్న దిగుడులో. అక్కడ గంటకు 6 కిలోమీటర్లు. చదునుగా ఉంటే 5. వాలు ఎంత నిటారైతే వేగం అంత పడిపోతుంది, ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా. నూటికి ముప్పై వాలులో దిగితే గంటకు రెండున్నర కిలోమీటర్లు, ఎక్కితే రెండు కంటే తక్కువ. బాట లేనిచోట ఆ అంకెను ఇంకా 0.6తో గుణించమన్నాడు. గండికోట లోయదారి అచ్చంగా ఆ కోవలోది. పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే దిగడానికి ముప్పావుగంట, ఎక్కడానికి గంట నుంచి గంటన్నర పెట్టుకోవడం మేలు.

ఎక్కడానికి శక్తి ఎంత కావాలో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అరవై కిలోల మనిషి ఐదు కిలోల సంచితో 90 మీటర్లు పైకి రావడమంటే 65 కిలోల్ని అంత ఎత్తుకు లేపడం. సుమారు 57 కిలోజౌళ్ల పని. కండరం తిన్నదాంట్లో నాలుగోవంతునే పనిగా మార్చగలదు కాబట్టి ఖర్చు అంతకు నాలుగింతలు, దాదాపు 55 కిలో కేలరీలు. ఒక మోస్తరు అరటిపండులో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే గండికోటలో మనిషిని పడగొట్టేది ఆకలి కాదు. మిగిలిన మూడువంతుల శక్తి ఏమవుతుందన్నదే అసలు సంగతి. అదంతా వేడి. దాన్ని ఒంట్లోంచి బయటికి పంపాలి. బండరాళ్ల మీద తూలకుండా నిలదొక్కుకునే శ్రమ, నెత్తిమీది ఎండ, రాయి వెదజల్లే సెగ దానికి తోడవుతాయి.

దిగడానికి ఊపిరి ఎక్కువ అక్కర్లేదు. కానీ కండరానికి దిగుడే గట్టి దెబ్బ. మెట్టు ఎక్కేటప్పుడు తొడ ముందుభాగపు కండరం కుంచించుకుంటూ బరువు లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువును ఆపాలి, బ్రేకు పని అది. సాగుతూ ఆపడంలో ఒక్కో కండరపు నారు మీద పడే బలం ఎక్కువ, కాబట్టి లోపల సూక్ష్మంగా చిరుగులు పడతాయి. నొప్పి అప్పుడే తెలియదు, ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. కానీ బలం మాత్రం వెంటనే తగ్గుతుంది. మామూలు కొండ మీదైతే ఈ నష్టం ఇంటికి పోయే దారిలో జరుగుతుంది. గండికోటలో ముందు తొడలకు దెబ్బ తగిలి, ఆ తొడలతోనే మళ్లీ పైకెక్కాలి. దిగేటప్పుడు అడుగు చిన్నది వేయడం, పెద్ద బండ మీంచి దూకకుండా కూర్చొని దిగడం, చేతికర్ర మీద కొంత బరువు వేయడం, ఇవన్నీ ఎక్కుడుకు దాచుకునే పొదుపు. కుర్రవాళ్లు పందెం వేసుకొని దూకుతూ దిగడం ఎక్కడైనా కనిపిస్తుంది. వాళ్లే పైకి వచ్చేటప్పుడు మధ్యలో కూర్చొని ఫోను చూసుకుంటుంటారు.

ఈ తలకిందుల నడకకు సరైన వేళ ఏదో ఎండను బట్టి తేల్చాలి. మన గడియారాలన్నీ తిరిగేది 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం. గండికోట దానికి పడమర, 78.3 దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు పావుగంట ఆలస్యం. డిసెంబరు ఆఖర్న సుమారు 6:40కు పొద్దు పొడిచి, 5:55 ప్రాంతంలో కుంకుతుంది. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చేది పన్నెండుంబావుకు. అయినా గాలి అన్నిటికంటే వేడెక్కేది అప్పుడు కాదు, రెండున్నర, మూడు గంటలకు. నేల పోగొట్టుకునే వేడి కంటే అందుకునే వేడి అప్పటిదాకా ఎక్కువగానే ఉంటుంది కాబట్టి. బండ అయితే సాయంత్రం దాకా సెగ వదులుతూనే ఉంటుంది.

కోట పెన్నకు దక్షిణపు గట్టున ఉంది. మనం దిగే గోడ కాబట్టి ఉత్తరానికి చూస్తుంది. దీని విలువ శీతాకాలంలో తెలుస్తుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా తిరుగుతాడు, మిట్టమధ్యాహ్నం కూడా 52 డిగ్రీల కంటే పైకి రాడు. ఉత్తరానికి చూసే ఈ గోడ కింద పొద్దున పూట చాలావరకు నీడ దొరుకుతుంది. అదే ఏప్రిల్ ఆఖర్న, మళ్లీ ఆగస్టు రెండోవారంలో సూర్యుడు ఇక్కడ సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రెండింటి మధ్య నెలల్లో మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరంగా ఒరిగి మనం ఎక్కే గోడనే కాలుస్తాడు. కడప జిల్లాలో ఎండాకాలం నలభై డిగ్రీలు దాటడం మామూలే. వేసవి సెలవులున్నాయి కదా అని పిల్లల్ని మేలో లోయలోకి దింపడం ఏ లెక్కన చూసినా తప్పే. పైనుంచి చూసి రావడానికి మాత్రం అభ్యంతరం లేదు. కొండ కదా చల్లగా ఉంటుందన్న నమ్మకం కూడా ఇక్కడ చెల్లదు. ఎత్తు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. జమ్మలమడుగు కంటే కోట ఎత్తు అంతా కలిపినా తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే. లోయలోకి దిగితే ఆ కాస్తా పోతుంది, గాలి కూడా ఆగిపోతుంది.

కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా, పొద్దు పొడిచే వేళకు కోటవాకిలి దగ్గర ఉండేటట్టు బయల్దేరండి. ఊళ్లో కట్టడాల దగ్గర ఆగకుండా నేరుగా లోయ అంచుకు పోయి, ఏడున్నర ఎనిమిదికల్లా దిగడం మొదలుపెట్టాలి. నీటి దగ్గర అరగంట. తొమ్మిదిన్నరకు ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదరకముందే పైన ఉంటారు. మసీదు, ధాన్యాగారం, గుళ్లు మధ్యాహ్నం చూడొచ్చు, వాటికి నీడ ఉంది. జనం సాధారణంగా చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. పొద్దున చల్లటి వేళ కట్టడాలు చూసి, ఫొటోలు దిగి, పదకొండున్నరకు తీరిగ్గా లోయ వైపు కదులుతారు.

దిగిన తర్వాత తిరిగి రావాల్సిన నిమిషం ముందే నిర్ణయించుకోవాలి, దానికి కారణం ఉంది. లోయలో శరీరం అబద్ధం చెబుతుంది. దిగుతున్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఆయాసం లేదు, ఇంకా పోగలమనే అనిపిస్తుంది. అనిపించడాన్ని నమ్మకుండా గడియారాన్ని నమ్మాలి. చేతిలో ఉన్న సమయాన్నీ నీళ్లనూ మూడు వాటాలు చేసి, ఒకటి దిగుడుకు, రెండు ఎక్కుడుకు పెట్టుకోవడం లోయనడకల్లో అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

నీళ్ల లెక్క ఇలా ఉంటుంది. బండల మధ్య ఎక్కుతున్న మనిషి ఒంట్లో సుమారు నాలుగు వందల వాట్ల వేడి పుడుతుందనుకుందాం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. లెక్క వేసి చూస్తే ఆ వేడి వదిలించుకోవడానికి గంటకు అరలీటరు పైన చెమట కావాలి. ఎండ తోడైతే లీటరు దాకా పోవచ్చు. గాలి వేడి 35 డిగ్రీలు దాటితే, అంటే చర్మపు వేడిని మించితే, గాలి మనల్ని చల్లబరచదు సరికదా ఎదురు వేడెక్కిస్తుంది. అప్పుడు ఒంటికున్న ఒకే దారి చెమట. రాయలసీమ పొడిగాలి ఈ విషయంలో మనకు మేలే చేస్తుంది, పుట్టిన చెమట పుట్టినట్టే ఆవిరవుతుంది. నెల్లూరు, విజయవాడ ఉక్కలో చెమట కారి నేలపాలవుతుంది, చల్లదనం ఇవ్వదు. కానీ ఈ మేలులోనే మోసం ఉంది. చొక్కా తడవదు కాబట్టి చెమట పట్టలేదనుకుంటాం. మధ్యాహ్నానికి చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పుచార కనిపించినప్పుడే ఎంత పోయిందో తెలుస్తుంది.

శీతాకాలంలో అయినా మనిషికి మూడు లీటర్లకు తక్కువ కాకూడదు. దాహమయ్యేదాకా ఆగకండి, అట్లాగని ఒక్కసారే లీటరు లీటరు దించకండి. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే గంటలకొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. దాన్ని ఎండదెబ్బ అనుకొని ఇంకా నీళ్లు తాగించేవాళ్లూ ఉంటారు. ఉప్పేసిన మజ్జిగ, వేయించిన సెనక్కాయలు, బెల్లంముక్క దీనికి మంచి విరుగుడు. ఓఆర్‌ఎస్ పొట్లం తీసుకుపోతే దాని మీద రాసినంత నీటిలోనే మొత్తం కలపాలి. పేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి పోయే ద్వారాలున్నాయి, వాటి వెంటే నీరూ పోతుంది. పాళ్లు తప్పితే ఆ ఏర్పాటు సరిగా సాగదు. తిండి సంగతికొస్తే, పొద్దున ఉగ్గాని తిని బయల్దేరితే తేలిగ్గా అరుగుతుంది. పెద్ద సంగటి ముద్ద, మాంసం పులుసు ఎక్కి వచ్చాక తినండి. నిండుకడుపుతో ఎక్కితే రక్తం కోసం పొట్ట, తొడలు, చర్మం మూడూ పోటీ పడతాయి.

వెంట వచ్చినవాళ్లలో ఎవరైనా మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేకుండా జవాబిస్తున్నా దాన్ని అలసట అనుకోకండి, వడదెబ్బగానే చూడాలి. పైకి మోసుకుపోయే ప్రయత్నం తర్వాత. ముందు నీడలో పడుకోబెట్టి, ఉన్న నీళ్లన్నీ తలమీదా మెడమీదా ఒంటిమీదా పోసి విసరాలి. నది నీళ్లు తాగడానికి పనికిరాకపోయినా ఈ పనికి బంగారం. ఎవరో ఒకరు సిగ్నల్ దొరికే ఎత్తుకు పోయి 108కు ఫోన్ చేయాలి.

నీటి దగ్గర ఇంకో జాగ్రత్త. కోట కింద కనిపించే నీరు స్వేచ్ఛగా పారే పెన్న కాదు. దిగువన దాదాపు 10 టీఎంసీలు పట్టే మైలవరం జలాశయం, ఎగువన దాదాపు 27 టీఎంసీలు పట్టే గండికోట జలాశయం ఉన్నాయి. నీటిమట్టం ఆకాశంలో మబ్బుల్ని బట్టి కాకుండా గేట్లను బట్టి మారొచ్చు. పొద్దున ఆరిన బండ మధ్యాహ్నం మునగొచ్చు. గోడలు నిటారుగా ఉన్నచోట నీళ్లలోకి జారితే పట్టుకొని పైకి రావడానికి అంచు దొరకదు. ఈత వచ్చినవాళ్లకు కూడా. దిగబోయే ముందు కోటలోని ఊరివాళ్లను దారి, నీటిమట్టం రెండూ అడిగి తెలుసుకోండి.

సెప్టెంబరు, అక్టోబరు వానల్లో లోయ అందంగానే ఉంటుంది కానీ అప్పుడు పిడుగు భయం. కోట నెత్తి మైదానంలో పెద్ద చెట్లు తక్కువ, నిలబడిన మనిషే ఎత్తైన వస్తువు. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టిన సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ముప్పై సెకన్ల లోపైతే వెంటనే అంచు వదిలి బండిలోకో, తలుపులున్న ఇంట్లోకో పోవాలి. స్తంభాల మండపం వాన నుంచి కాపాడుతుంది, పిడుగు నుంచి కాదు. పాముల విషయం ఒక్కమాటలో: బండల సందుల్లో పింజర్లుంటాయి, చూడకుండా చేయి పెట్టొద్దు. కాటు పడితే కట్లు కట్టడం, కోయడం మాని, కాటు పడ్డ కాలో చెయ్యో కదపకుండా ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి చేర్చండి.

పూర్వం ఈ కోటను కాపాడినవాళ్లకు మనం చెప్పుకున్న లెక్కలన్నీ అంకెలు లేకుండానే తెలుసు. పెమ్మసాని నాయకులకు లోయే కందకం. శత్రువు ఎటు నుంచి వచ్చినా చివరి ఎక్కుడు అతనిదే, ఎండా బరువూ అతనిమీదే. అంతటి కోట కూడా పదిహేడో శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు చిక్కింది. 1652లో అతణ్ణి కలవడానికి గండికోట వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ కోట బలాన్నీ, ఇక్కడికి చేరే దారి ఇరుకునూ తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. ఫిరంగులు ఆ దారిన పైకి లాగినవాళ్ల తొడల గురించి మాత్రం ఎవరూ రాయలేదు.

ఇవాళ మన తొడల సంగతి సోమ, మంగళవారాల్లో తెలుస్తుంది. ఆదివారం లోయ దిగి ఎక్కినవాళ్లు మంగళవారం ఇంటి మెట్లు దిగుతూ గోడ పట్టుకుంటారు. ఎక్కడానికి అంత బాధ ఉండదు, దిగడానికే. నడక మానేయకుండా మెల్లగా తిరుగుతూ ఉంటే మూడు నాలుగు రోజుల్లో పోతుంది. దీనికో లాభం కూడా ఉంది. ఒకసారి దిగుడు దెబ్బ తిన్న కండరం బాగయ్యేటప్పుడు మునుపటికంటే గట్టిగా కుట్టుకుంటుంది, కొన్ని వారాలపాటు అదే పనికి మళ్లీ అంతగా నొప్పెట్టదు. పెద్ద నడక తలపెట్టినవాళ్లు రెండు వారాల ముందు నుంచే మేడమెట్లు ఎక్కడం కంటే దిగడం ఎక్కువ సాధన చేయాలని చెప్పేది ఇందుకే. లిఫ్టులో పైకి పోయి నడిచి దిగితే చాలు.

కాళ్లు అట్లా గట్టిపడి ఉన్న నెలలోనే రెండో నడకకు పులివెందుల వైపు పోవచ్చు. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్ని చీల్చుకొచ్చే గండి క్షేత్రం, దాని రెండు పక్కలా పాలకొండలు. రాయి గండికోట కంటే పాతది, ఆంజనేయస్వామి గుడి నది పక్కనే, కొండ దాని పైన. అక్కడ నడక మామూలు వరుసలోనే ఉంటుంది, ముందు ఎక్కుడు, తర్వాత దిగుడు. గుడి దాటి అడవిలోకి పోదలిస్తే అటవీశాఖ అనుమతి ముందే అడగండి, నీళ్లు మాత్రం అవే మూడు లీటర్లు.